రాత్రయితే కళ్ళు మండుతున్నాయి, మావయ్యేమో హెల్మెట్ వద్దంటున్నాడు

కోనసీమ వైపు ఒక చిన్న టౌన్ నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు కుదించి చెబుతున్నాను. ఆయన వయసు 26. ఇంటర్ మధ్యలో ఆపేసి మేనమామ దగ్గర వెల్డింగ్ షాపులో చేరారు. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, రేకుల షెడ్లు, ఇదీ పని. రెండేళ్ళ క్రితం ఆ మావయ్య కూతుర్నే పెళ్ళి చేసుకున్నారు, ఇప్పుడు ఆవిడకి ఏడో నెల. అంటే షాపు ఓనరు, పని నేర్పిన గురువు, మేనమామ, పిల్లనిచ్చిన మామగారు అన్నీ ఒక్క మనిషే.

షాపులో ఒకే ఒక్క చేతి స్క్రీన్ ఉంది, దాని నల్ల అద్దం మీద చిటపటలు పడి పడి మసకబారింది. టాకింగ్, అంటే ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న చుక్క అతుకు, వేసేటప్పుడు దాన్ని ఎవరూ వాడరు, మొహం పక్కకి తిప్పి కళ్ళు మూసుకుని కొట్టేస్తారు. నెలలో కొన్ని రాత్రులు కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది, నీళ్ళు కారుతూనే ఉంటాయి, లైటు చూడలేరు. భార్య బంగాళదుంప ముక్కలు పెడుతుంది. మెడికల్ షాపతను ఇచ్చిన చుక్కలు వేస్తే మాత్రం క్షణాల్లో నొప్పి మాయం, అందుకని ఆ సీసా ఎప్పుడూ జేబులోనే ఉంటోంది. పోయిన వర్షాల్లో మూసి ఉన్న గోడౌన్‌లో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులతో షెడ్డు పని చేశాక రాత్రి చలిజ్వరం వచ్చింది, ఒళ్ళంతా నొప్పులు, నోట్లో ఇనుము చప్పరించిన రుచి. మలేరియా టెస్టు చేయిస్తే ఏమీ లేదన్నారు. బెల్లం తిని పాలు తాగమన్నాడు మావయ్య. చెమట పట్టిన రోజుల్లో వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డర్ పట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఈ మధ్య షాపులో హెల్పరుగా చేరిన పక్క వీధి కుర్రాడు ఒక రాత్రంతా కళ్ళు తెరవలేక ఏడిస్తే వాళ్ళమ్మ షాపు మీదకి వచ్చి నలుగురిలో నిలదీసింది.

తలకి పెట్టుకునే వెల్డింగ్ హెల్మెట్ కొందామంటే మావయ్య "ముప్పై ఏళ్ళుగా చేస్తున్నా, నాకేమైంది" అంటాడట. ఆయనకి ఒక కంట్లో కండ పెరిగింది, రెండో కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. భార్య ఈ పనే మానెయ్యమంటోంది. చేతిలో ఓ అయిదు వేలున్నాయి, ఏం కొనాలి, మావయ్యకి ఎలా చెప్పాలి, షాపు వదిలి కంపెనీలోకో గల్ఫ్‌కో పోవాలా, ఇప్పటిదాకా జరిగిన నష్టం తిరిగి బాగవుతుందా అని అడిగారు.

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ చుక్కల సీసా సంగతి తేలుద్దాం. క్షణాల్లో నొప్పి మాయమైందంటే అవి కంటిని మొద్దుబార్చే చుక్కలు అయ్యుండాలి. సీసా మీద మందు పేరు చివర "కెయిన్" అని ఉందేమో చూడండి. డాక్టర్లు కంటిని పరీక్ష చేసేటప్పుడు ఒక్కసారి వేసే మందు అది, ఇంటికి ఇచ్చేది కాదు. పదే పదే వేస్తే నల్లగుడ్డు మీది పొర మానడం ఆగిపోతుంది, పుండు పడొచ్చు, చూపే పోవచ్చు, నొప్పి తెలియదు కాబట్టి పాడవుతున్న సంగతి కూడా మీకు తెలియదు. ఒకవేళ అందులో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి పేర్లుంటే అవి స్టెరాయిడ్లు, డాక్టరు చూడకుండా వాటిని వాడటం కూడా ప్రమాదమే. ఏదైనా సరే ఇక వేయకండి, సీసాని పారేయకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళ విజన్ సెంటర్లు రెండు రాష్ట్రాల్లోనూ చిన్న ఊళ్ళలో ఉన్నాయి, మీకు దగ్గర్లో ఉంటే అక్కడికి, లేకపోతే ప్రభుత్వాసుపత్రిలో కంటి విభాగానికి. వెళ్ళి "వెల్డింగ్ పని చేస్తాను, ఈ చుక్కలు ఇన్నాళ్ళు వాడాను" అని స్పష్టంగా చెప్పండి. అది చెప్పకపోతే వాళ్ళు వేరే కోణంలో వెతుకుతారు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో చెబుతాను. ఆర్క్, అంటే రాడ్డు కొన దగ్గర పుట్టే మెరుపు, దాని వెలుతురులో కంటికి కనపడే కాంతితో పాటు కనపడని అల్ట్రావయొలెట్ కిరణాలు, వేడి పుట్టించే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు కూడా ఉంటాయి. ఎండలో ఎక్కువసేపు ఉంటే చర్మం కమిలినట్టే, అల్ట్రావయొలెట్ నల్లగుడ్డు పైపొరని కమిలిస్తుంది. తగిలినప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటలు గడిచాకే మొదలవుతుంది, అందుకే మీకు ఇంటికెళ్ళి పడుకున్నాక మంట. ఆ పొర తిరిగి పెరుగుతుంది, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బంగాళదుంప ముక్క మూసిన రెప్ప మీద పెడితే చల్లగా ఉంటుంది తప్ప వేరే మహిమ లేదు, శుభ్రమైన తడిగుడ్డ కూడా అదే పని చేస్తుంది. ఉల్లిరసం, చనుబాలు, ఇంకేవో కంట్లో పిండమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, పొర లేచిపోయి ఉన్న కంట్లో అలాంటివి పోస్తే ఇన్ఫెక్షన్‌ని పిలిచినట్టే. చీకటి గదిలో ఉండండి, కళ్ళు నలపకండి, నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, రెండు రోజులకీ తగ్గకపోతే డాక్టరు.

ఇంకో తేడా మీకు, ముఖ్యంగా ఆ కుర్రాడికి తెలియాలి. రెండు కళ్ళూ కొన్ని గంటల తర్వాత మండితే అది వెలుతురు దెబ్బ. ఒక్క కంట్లోనే, పని చేస్తుండగానే గుచ్చుకున్నట్టు మొదలైతే అది గ్రైండింగ్ రవ్వో స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పొర) పెంకో. ఇనుప రవ్వ నల్లగుడ్డులో దిగబడితే దాని చుట్టూ తుప్పు పడుతుంది, అది వెంటనే డాక్టరు తీయాలి. షాపుల్లో అగ్గిపుల్లకి దూది చుట్టి, రుమాలు కొన మడిచి తీసేస్తుంటారు, దయచేసి వద్దు. చూపు మధ్యలో నల్లమచ్చలా కనిపించి పోకపోతే అది కంటి లోపలి రెటీనా సంగతి, దానికి రేపటి దాకా ఆగకూడదు.

నష్టం తిరిగి బాగవుతుందా అన్నారు. రాత్రి మంటలు పెట్టిన పొర వరకు బాగవుతుంది. కానీ ఏళ్ళ తరబడి పడే దెబ్బకి నొప్పి ఉండదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టేది. కంట్లో కండ పెరగడానికీ ఈ కిరణాలకీ సంబంధం ఉంది, వేడి కిరణాలకీ శుక్లానికీ ఉంది. మీ మావయ్యకి వచ్చినవి వెల్డింగ్ వల్లే వచ్చాయని నేనిక్కడ కూర్చుని చెప్పలేను, ఆ వయసులో శుక్లాలు ఎవరికైనా వస్తాయి, ఎండన తిరిగే రైతులకీ కండ పెరుగుతుంది. కానీ "నాకేమైంది" అనే మాట మాత్రం నిలబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగనీ, వెల్డింగ్ వెలుతురులోని అల్ట్రావయొలెట్‌నీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో పెట్టింది. ఇది చదివి మీ ఆవిడ హడలిపోకూడదు. ఆ జాబితా రుజువు ఎంత గట్టిదో చెబుతుంది, మీకు వస్తుందని కాదు. ఎంత పొగ, ఎంత వెలుతురు, ఎన్నేళ్ళు తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ మూడింటిలో మొదటి రెండూ తగ్గించుకోవడం చాలావరకు మీ చేతిలో ఉంది.

నేను వెల్డింగ్ ట్రేడ్ చెప్పిన రోజుల్లో గమనించిందేమిటంటే, కళ్ళకి దెబ్బ కొట్టేది పొడుగు అతుకు కాదు, టాకింగ్. పొడుగు అతుకు వేసేటప్పుడు ఎవరైనా అద్దం అడ్డం పెట్టుకుంటారు, లేకపోతే ఏమీ కనపడదు. గ్రిల్లుకి మాత్రం చువ్వ చువ్వకీ టాకింగ్, ఒక్కోటి అరక్షణం, ఒక చేత్తో చువ్వ పట్టుకోవాలి ఇంకో చేత్తో హోల్డర్, ఇక స్క్రీన్ పట్టుకోవడానికి మూడో చెయ్యేది? అందుకే కళ్ళు మూసి కొడతారు. ఆర్క్ పుట్టిన క్షణానికీ రెప్ప పడే క్షణానికీ మధ్య ఉన్న కాస్త సందు చాలు, రోజుకి వందలసార్లు అయితే రాత్రికి తెలుస్తుంది. మీ షాపులో ఉన్నది ధైర్యం, అలవాటు కన్నా ముందు చేతుల సమస్య. అందుకని మీ అయిదు వేలలో పెద్ద ముక్క తలకి పెట్టుకునే ఆటో డార్క్ హెల్మెట్‌కి పోవాలంటాను.

ఆటో డార్క్ అంటే అద్దం మామూలుగా లేతగా ఉండి అంతా కనపడుతుంది, ఆర్క్ వెలిగిన క్షణంలో దానంతటదే నల్లబడుతుంది. కనురెప్ప కన్నా చాలా వేగం. మంచి రకంలో అద్దం లేతగా ఉన్నప్పుడు కూడా అల్ట్రావయొలెట్, ఇన్‌ఫ్రారెడ్ రెండూ ఆగుతాయి, నల్లబడేది కనపడే వెలుతురుని తగ్గించడానికే. పన్నెండొందల నుంచి రెండున్నర వేల మధ్య పనికొచ్చేవి దొరుకుతాయి, ధరలు ఊరిని బట్టి మారతాయనుకోండి. కొనేటప్పుడు అద్దం మీద ఈఎన్ 379 అని యూరప్ ప్రమాణం ముద్ర ఉందా చూడండి, దాని పక్కన 1/1/1/2 లాంటి నాలుగంకెలుంటాయి, అవి ఎంత చిన్నవైతే అద్దం అంత తేటగా ఉంటుంది. ముందు వైపు వెలుతురుని పసిగట్టే సెన్సర్లు రెండు కాకుండా నాలుగుంటే మేలు, ఎందుకంటే గేటు మూలల్లో పైపు అడ్డొచ్చి ఒక సెన్సర్ మూసుకుపోతే రెండోది చూసుకుంటుంది. బ్యాటరీ మార్చుకునే వీలుండాలి. బయటి తెల్ల ప్లాస్టిక్ రేకులు విడిగా దొరికే రకమే తీసుకోండి, చిటపటలు పడేది వాటి మీదే, మసకబారగానే మార్చేయాలి. గ్రైండింగ్ మోడ్ అని ఒక బటన్ ఉంటుంది, అది వేసి ఉంటే అద్దం నల్లబడదు, గ్రైండింగ్ చేసి మళ్ళీ వెల్డింగ్‌కి మార్చడం మర్చిపోయి కొట్టించుకునేవాళ్ళు చాలామంది, కాబట్టి ప్రతిసారీ హెల్మెట్ దించే ముందు చెయ్యి ఆ బటన్ మీదకి పోవాలి.

అద్దం ఎంత నల్లగా ఉండాలో చెప్పే షేడ్ నంబరు ఎంత పెట్టాలంటే, మీరు గ్రిల్స్‌కి వాడే 12 నంబర్ రాడ్డు, అంటే 2.5 మిల్లీమీటర్లది, 60 నుంచి 90 ఆంప్స్‌లో నడుస్తుంది, దానికి 10 సరిపోతుంది. 10 నంబర్ రాడ్డు, 3.15 మిల్లీమీటర్లది, 90 నుంచి 130 ఆంప్స్, దానికి 10 లేదా 11. షెడ్డు స్తంభాలకి 8 నంబర్ రాడ్డు పెట్టి 150 పైన నడిపిస్తే 11, 12. ఎంత నల్లగా ఉంటే అంత మంచిదనుకుంటారు, అది పొరపాటు. అసలైన వెల్డింగ్ అద్దమైతే ఈ నంబర్లన్నిటిలోనూ హాని చేసే కిరణాలు ఆగుతాయి, నంబరు తేడా వెలుతురులోనే. మరీ నల్లగా ఉంటే లోహం కరిగే గుంట కనపడక తల ముందుకి పెట్టి పొగలో దూరుస్తారు, లేదంటే స్క్రీన్ ఎత్తి చూస్తారు, రెండూ నష్టమే. నల్లదానితో మొదలుపెట్టి కరిగే గుంట అంచులు స్పష్టంగా కనిపించేదాకా ఒక్కో నంబరు తగ్గించుకోండి. పాత ఎక్స్‌రే ఫిల్ము, కూలింగ్ గ్లాసులు, గ్యాస్ కటింగ్ అద్దాలు, ఇవేవీ ఆర్క్‌కి పనికిరావు, గ్యాస్ కటింగ్ అద్దం 5 దరిదాపుల్లో ఉంటుంది.

అంత డబ్బు ఇప్పుడే పెట్టలేమంటే తలకి తగిలించుకునే మామూలు హెల్మెట్‌లో కొత్త నల్ల అద్దం వేసుకోండి, చాలా చవక. చెయ్యి ఖాళీ అవుతుంది, తల ఊపి దించుకోవడం అలవాటవ్వాలంతే. కిరణాల విషయంలో అది దేనికీ తక్కువ కాదు.

దాని కింద తెల్లటి సేఫ్టీ కళ్ళద్దాలు, వంద రూపాయల సరుకు, పని మొదలెట్టినప్పటి నుంచి ముగిసేదాకా మొహం మీదే ఉండాలి. చిప్పింగ్ సుత్తితో స్లాగ్ కొట్టేటప్పుడు హెల్మెట్ ఎత్తేస్తారు కదా, వేడి పెంకు సరిగ్గా అప్పుడే ఎగురుతుంది.

చేతులకి 14 అంగుళాల లెదర్ గ్లౌజులు, రెండు జతలు కొనండి, ఎందుకో చెబుతాను. ఒంటికి మందపాటి కాటన్ ఫుల్ చేతుల చొక్కా, మెడ గుండీ పెట్టుకుని. పాలిస్టర్ కలిసిన చొక్కా నిప్పు పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, జెర్సీ టీషర్టులు అసలొద్దు. మీ తీరంలో ఉక్కపోతకి లెదర్ కోటు వేసుకోమని నేను చెప్పను, చెప్పినా రెండ్రోజుల్లో తీసి గోడకి తగిలిస్తారు. లెదర్ ఏప్రన్, మోచేతి దాకా లెదర్ స్లీవులు చాలు. షెడ్డు పనుల్లాంటి పెద్దవి ఉదయం పూట పెట్టుకోండి. ప్యాంటు అంచులు బూట్ల మీదకి పడాలి, మడత పెట్టొద్దు, మడతలో రవ్వ కూర్చుని కాలుతుంది. చెప్పులతో వెల్డింగ్ చేస్తున్నట్టు మీ ఉత్తరంలో ఒక వాక్యంలో దొర్లింది. బూట్లు, అందులోనూ ఐఎస్ 15298 ముద్ర ఉన్న సేఫ్టీ బూట్లు వెయ్యి రూపాయల చుట్టుపక్కల వస్తాయి. జేబులో లైటరు ఉంచుకోకండి.

రెండు జతల గ్లౌజులు ఎందుకంటే చెమట. వెల్డింగ్ మెషిన్ హోల్డర్ దగ్గర రాడ్డు అంటించనప్పుడు 60 నుంచి 80 వోల్టులుంటాయి, పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ అయితే అది ఏసీ. పొడి చేతికి అది పెద్దగా తెలియదు, చెమటతో తడిసిన చేతికి, తడి నేల మీద నిలబడ్డ మనిషికి, ఇనుప ఫ్రేము మీద కూర్చుని పని చేసేవాడికి అదే ప్రాణం తీయగలదు. మీరు రాసిన ఆ జివ్వుమనడం చిన్న విషయం కాదు, అది హెచ్చరిక. తడిసిన జత ఎండబెట్టి ఆరిన జత వేసుకోండి, రాడ్డు మార్చేటప్పుడు కూడా గ్లౌజు తీయకండి, కాళ్ళ కింద పొడి చెక్క ఉంచండి, హోల్డర్ పెంకులు పగిలితే ఆ రోజే మార్చండి, పని ఆపి హోల్డర్‌ని చంకలో పెట్టుకునే అలవాటు ఉంటే మానండి. షాపుల్లో ఎర్త్ అంటే అతికే ముక్కకి, అంటే జాబ్‌కి పెట్టే క్లాంపు అనుకుంటారు. అది వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్ళే దారి మాత్రమే. మెషిన్ బాడీకి విడిగా ఎర్తింగ్ ఉండాలి, అది ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మెయిన్ దగ్గర, లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టిస్తే మెషిన్‌కి వచ్చే వైపు లీకేజీకి పనికొస్తుంది, కానీ హోల్డర్ వైపు తగిలే షాక్‌ని అది పట్టదు, కాబట్టి అది ఉంది కదా అని గ్లౌజు విప్పకండి.

ఇక ఆ చలిజ్వరం. అది జీఐ పైపు పొగే అని దాదాపు కచ్చితంగా చెప్పొచ్చు, మీరు రాసిన లక్షణాలన్నీ దానివే. ఇనుము కరిగేది 1500 డిగ్రీల దగ్గర, పైపు మీద పూత వేసిన జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఆ తెల్లటి పొగే అది. పీల్చిన కొన్ని గంటలకి చలి, జ్వరం, దాహం, నోట్లో లోహపు రుచి వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. రోజూ పీలిస్తే ఒళ్ళు కాస్త అలవాటు పడి, సెలవు తర్వాత పనిలోకి రాగానే మళ్ళీ వస్తుంది, అందుకే దీనికి సోమవారం జ్వరం అనే పేరు కూడా ఉంది. పాలు, బెల్లం తింటే నష్టమేమీ లేదు, కానీ అవి వెళ్ళేది కడుపులోకి, పొగ వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకి. బెల్లం తిన్నాం కదా అని పొగలో కూర్చోవడమే అసలు ప్రమాదం. మళ్ళీ జ్వరం వచ్చి ఆయాసం ఉంటే, రెండు రోజులకీ తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళి జీఐ వెల్డింగ్ చేశానని చెప్పండి.

చేయాల్సింది ఇది. అతుకు పడే చోట ఇరువైపులా రెండు మూడు అంగుళాలు జింకు పూత గ్రైండర్‌తో తీసేయండి, అది తీసేటప్పుడూ మాస్కు ఉండాలి. మూసిన గోడౌన్‌లో చేయొద్దు, షట్టరు ఎత్తి, గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకి పోయేలా నిలబడండి. ఫ్యాను వీపు వెనక పెట్టుకుంటే పొగ మీ ఛాతీ దగ్గర సుడి తిరిగి మొహం మీదకే వస్తుంది, పక్క నుంచి పెట్టుకోండి. తల పొగ మీదకి వంచకండి. రుమాలు, సర్జికల్ మాస్కు ఈ పొగని ఆపలేవు, దీని రేణువులు అంత సన్నం. ఐఎస్ 9473 ముద్రతో ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు అడగండి, గడ్డం ఉంటే అంచులు అతకవు కాబట్టి గీసుకోక తప్పదు. స్టీల్ రెయిలింగు పనులు పెరిగితే ఇంకా జాగ్రత్త, స్టెయిన్‌లెస్ పొగలో క్రోమియం, నికెల్ ఉంటాయి, దానికి ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు మాస్కు కొనుక్కోవడం మంచిది. మాస్కు అయినా సరే గాలి ఆడే చోటుకి ప్రత్యామ్నాయం కాదు.

ఒక మాట, మీరు అడగలేదు కానీ గ్రిల్ షాపుకి ఇవీ వస్తుంటాయి కాబట్టి చెబుతున్నాను. పాత పెట్రోలు, డీజిలు, థిన్నరు డ్రమ్ములకి కాళ్ళు అతకమనో, కన్నం పూడ్చమనో ఎవరైనా తెస్తే తీసుకోకండి. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

ఇప్పుడు మావయ్య. మీ ముందు మూడు దార్లున్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

ఒకటి, ఎవర్నీ ఒప్పించకుండా మీ సామాన్లు మీరు కొనుక్కుని వాడటం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండు వారాలు వెటకారాలు వింటారు, "అల్లుడుగారు సినిమా హీరోలా వచ్చారు" అంటారు. ఆ తర్వాత మిగతావాళ్ళు మీ హెల్మెట్ అడిగి తీసుకోవడం మొదలెడతారు, మీకు దొరకదు, అది ఇంకో చికాకు. ఈ దారిలో మీరు బాగుపడతారు, షాపు అలాగే ఉంటుంది.

రెండు, మావయ్యతో మాట్లాడటం. మాట్లాడితే ఆరోగ్యంతో మొదలుపెట్టొద్దని నా సలహా. ముప్పై ఏళ్ళు ఆ పని చేసి కూతురికి పెళ్ళి చేసిన మనిషికి "ఇది ప్రమాదం" అంటే ఆయన బతుకునే తప్పుపట్టినట్టు వినపడుతుంది, కంటి ఆపరేషన్ గురించి ఎత్తిచూపితే ఇక మాటే ఉండదు. పనితో మొదలెట్టండి. హెల్మెట్ బల్ల మీద పెట్టి "మావయ్యా, ఒక్క చువ్వకి టాకింగ్ వేసి చూడు" అనండి. రెండు చేతులూ ఖాళీగా ఉండి, రాడ్డు కొన ఎక్కడ ఆనుతుందో కళ్ళు తెరుచుకుని చూస్తూ కొడితే చువ్వ వంకర పోదు, మళ్ళీ కోసి గ్రైండింగ్ చేసే పని తగ్గుతుంది. శుక్లం ఆపరేషన్ అయిన కంటికి వెలుతురు ఎక్కువ గుచ్చుతుందని చాలామంది చెబుతుంటారు, లేత నుంచి నల్లకి దానంతటదే మారే అద్దం ఆయనకే ఎక్కువ సుఖమనిపించొచ్చు. వద్దంటే వదిలేయండి, అక్కడే ఉంచండి. మీ ఆవిడ చేత చెప్పిస్తే పుట్టబోయే మనవడి పేరు మీద వినొచ్చు, కానీ షాపు విషయాలు ఇంట్లో చెబుతున్నాడని మీ మీద మనసులో పెట్టుకోవచ్చు కూడా. మీ మావయ్య స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు.

ఆ కుర్రాడి విషయంలో మాత్రం ఎదురు చూడటానికి లేదు. చువ్వ పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడేవాడికి మీకు తగిలినంతా తగులుతుంది, పైగా మీరు ఎప్పుడు కొడతారో మీకు తెలుసు, వాడికి తెలియదు. "కళ్ళు మూసుకోరా" అనడం రక్షణ కాదు. తెల్లగోడ మీద పడి వచ్చే వెలుతురు కూడా కొడుతుంది. వాడికీ ఒక మామూలు హెల్మెట్, కాకపోతే కనీసం చువ్వ పట్టుకోవడానికి క్లాంపులు కొనండి, రెండు మూడొందల్లో వస్తాయి, అప్పుడు వాడు దగ్గర నిలబడాల్సిన పనే ఉండదు. రోడ్డు వైపు పాత టార్పాలినో రేకో అడ్డం కట్టండి, స్కూలు పిల్లలు ఆగి చూస్తుంటారు. ఇది మావయ్యతో ఒంటరిగా, కస్టమర్లు లేనప్పుడు, కాస్త గట్టిగానే చెప్పండి. వాళ్ళమ్మ ఒకసారి వచ్చి అరిచి వెళ్ళింది, ఈసారి ఏదైనా జరిగితే అరిచి ఊరుకోదు, ఆ మాట ఆయనకీ అర్థమవుతుంది. వాడికి 18 నిండలేదని నాకు అనుమానం. అదే నిజమైతే వాడు ఆర్క్ దగ్గర ఉండకూడదు, చదువుకో ఐటీఐకో పంపడం గురించి వాళ్ళమ్మతో మాట్లాడండి.

మూడు, వదిలి వెళ్ళడం. విశాఖ వైపు ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో, పెద్ద కంపెనీల్లో హెల్మెట్, బూట్లు, గ్లౌజులు వాళ్ళే ఇస్తారు, వేసుకోకపోతే గేటు లోపలికి రానివ్వని చోట్లూ ఉన్నాయి. కానీ చాలావరకు కాంట్రాక్టరు కింద పని, షిఫ్టులు, ఇల్లు వదిలి ఉండటం. గ్రిల్ పని అనుభవానికి అక్కడ పెద్ద విలువ ఉండదు, ప్లేటు మీద 3జీ (నిలువు అతుకు), పైపు మీద 6జీ (వాలుగా బిగించిన పైపు చుట్టూ అతుకు) టెస్టు పాసైతేనే వెల్డరుగా తీసుకుంటారు, లేకపోతే హెల్పరే. గల్ఫ్‌కీ అంతే, రిజిస్టరైన ఏజెంటు ద్వారా తప్ప వెళ్ళకండి. మీ ఆవిడకి ఏడో నెల అని రాశారు, ఈ మూడు నాలుగు నెలల్లో ఇల్లు కదిలించడం, మావయ్యతో తెగతెంపులు చేసుకోవడం రెండూ ఒకేసారి పెట్టుకోవాలా అన్నది మీరిద్దరూ కూర్చుని ఆలోచించండి. వెళ్ళాలనే ఉంటే ఈలోపు సాయంత్రాలు 6జీ ప్రాక్టీసు చేయించే చోటు వెతుక్కోండి, ఉన్నా వెళ్ళినా అది వృథా పోదు.

మీ ఆవిడ భయం గురించి ఒకటుంది. పని బట్టలతో ఇంట్లోకి వెళ్ళకండి, షాపులోనే మార్చుకుని చేతులు, మొహం కడుక్కుని వెళ్ళండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. చంటిబిడ్డ ఇంట్లోకి వస్తున్నప్పుడు ఆ దుమ్ము భుజం మీద మోసుకెళ్ళొద్దు.

అయిదు వేలు ఎలా పెట్టాలంటే, నేనైతే ముందు మీకూ కుర్రాడికీ తెల్ల కళ్ళద్దాలు, రెండు జతల గ్లౌజులు, మీకు ఆటో డార్క్ హెల్మెట్, వాడికి మామూలుది, ఓ పెట్టె ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కులు తీసుకుంటాను. బూట్లు మిగిలిన దాంట్లో వస్తే ఇప్పుడే, లేకపోతే వచ్చే నెల జీతంలో. వీటన్నిటికన్నా ముందు కంటి డాక్టరు. ఆ చుక్కలు వాడి ఎన్నాళ్ళయిందో, కంటి మీద ఏం మిగిల్చాయో తేలేదాకా రెండు మూడు రోజులు ఆర్క్ ముట్టకుండా పెయింటింగ్, కొలతలు, ఫిట్టింగ్ పనులు మీరు తీసుకుంటానని మావయ్యతో చెప్పండి, డాక్టరు ఏమన్నారో మళ్ళీ రాయండి.